దీపం కొండెక్కేదాకా

నమోదు 41. పదమూడో పంపుశాల, సోమవారం.

పొద్దున గుర్రపుడెక్క లాగుతుండగా కబురు వచ్చింది. వాన పడ్డ మర్నాడు పిల్లకాలవల్లోంచి కొట్టుకొచ్చిన డెక్కంతా పంపు నోటి దగ్గరి ఇనప జల్లెడకి చుట్టుకుంటుంది. కొంకి కర్రలతో లాగి ఒడ్డున పడేయకపోతే మర మూలుగుతుంది. విశ్వవిద్యాలయంలో పరిశోధకురాలినైనా సరే, పంపుశాలకి వచ్చిన రోజు నేనూ కర్ర పట్టుకోవాల్సిందే. అది అమ్మ పెట్టిన నియమం.

నడుముకి కట్టుకున్న పలక వణికింది. చేతులు తుడుచుకుని చదివాను. నమ్మకం కుదరక మళ్ళీ చదివాను.

"ఏటే, ఎవరన్నా పోయారా?" అని అరిచింది అమ్మ. మరల హోరులో ఇక్కడ అందరూ అరిచే మాట్లాడతారు.

"లేదమ్మా! సదస్సువాళ్ళు నా పత్రం తీసుకున్నారు. వచ్చే శుక్రవారం మెట్టకెళ్ళి చదవాలి."

"సదస్సంటే సంతలాంటిదేనా?" అంది పక్కన కర్ర పట్టుకున్న బుల్లెమ్మత్త.

"అలాంటిదే అత్తా. కూరగాయలకి బదులు మాటలు తెస్తారు."

"బేరాలాడతారా మరి?"

"ఆడతారు."

"అయితే మీ అమ్మని పంపు. నిన్ను నిలువునా ముంచేత్తారు."

అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు. నా చేతిలోంచి పలక తీసుకుని, చదవడం రాకపోయినా, అక్షరాలన్నిటినీ పై నుంచి కింది దాకా చూసి, చెంగుతో తెర తుడిచి ఇచ్చింది. మా ఇంట్లో బడి గడప తొక్కింది నేనొక్కదాన్నే. పంపుల బోర్డు నుంచి నోటీసు వస్తే పంపుశాల మొత్తానికి నేనే చదివి పెడతాను.

మధ్యాహ్నం ఎప్పటిలాగే అమ్మ పెద్ద చక్రం తిప్పి మరలు ఆపింది. చెవుల్లో ఒక్కసారిగా ఖాళీ. మూడో మరకీ గోడకీ మధ్య ఉన్న చిన్న గూటిలో, మాణిక్యమ్మ తల్లి పసుపు రాయి ముందు, బుల్లెమ్మత్త ప్రమిద వెలిగించింది. అందరం నేల మీద కూర్చుని అరచేతులు నేలకి ఆనించాం. దీపం తనంతట తాను కొండెక్కేదాకా ఎవరూ మాట్లాడకూడదు, మర తిరగకూడదు. ఊదకూడదు, రెండోసారి నూనె పోయకూడదు. కొందరు కళ్ళు మూసుకుంటారు. కొందరు నిజంగానే నిద్రపోతారు.

నా పత్రం దీని గురించే.

నమోదు 42. అదే పంపుశాల, మంగళవారం.

మా గురువు హైమవతి గారు పలకలో మాట్లాడారు. అభినందనలు చెప్పడానికేమో అనుకున్నాను.

"రత్నం, మీ అమ్మమ్మతో చేసిన సంభాషణ రికార్డుల భాండారంలో ఎందుకు దాఖలు చేశావు?"

"క్షేత్రంలో రికార్డు చేసిందేదైనా దాఖలు చేయాలని నియమం కదండీ."

"నియమమే..." అన్నారు.

ఆ సంభాషణ నాకు మాట మాటా గుర్తుంది. ఎండాకాలంలో ప్రమిదలో నూనె ఎక్కువ పోయడం గమనించి, అమ్మమ్మ పోలమ్మని అడిగాను. ఈ పంపుశాలలో మొదటి నుంచీ పనిచేసినవాళ్ళలో మిగిలింది ఆవిడొక్కతే.

"ఎండలకి అమ్మోరికి దాహం ఎక్కువే" అంది.

"నిజం చెప్పు అమ్మమ్మా."

"నిజవేటే, ఎండాకాలం మాకు నడుం ఎక్కువ లాగుద్ది." పగలబడి నవ్వింది. "ఎక్కడి దేవతే, ఎర్రిమొకమా! ఆ రోజుల్లో కాంట్రాక్టరు మంచినీళ్ళు తాగడానిక్కూడా మర ఆపనిచ్చేవోడు కాదు. దేవుడంటే మాత్రం వొణుకు. మేం ముగ్గురం కూచుని, నోటికొచ్చిన పేరెట్టి అమ్మోరిని పెట్టుకున్నాం. పాత ఊరి నుంచి పడవలో ఎత్తుకొచ్చామని చెప్పాం. నమ్మేశాడు ఎదవ."

నేనూ నవ్వాను. ఆ సాయంత్రమే దాఖలు చేశాను. భాండారంలో నా పేరున చేరిన మొదటి రికార్డు అది. ఎంత గర్వపడ్డానో!

ఇప్పుడు హైమవతి గారు చెప్పింది ఇది. ఆచార రక్షణ చట్టం మునకకి ముందు నుంచీ ఉన్న ఆరాధనలనే కాపాడుతుంది. సముద్రం డెల్టాని మింగాక పుట్టినవి లెక్కలోకి రావు. మరలు ఆపే ఆచారం పంపుల బోర్డుకి చాలాకాలంగా గొంతులో ముల్లు. నా పత్రం సంగ్రహం చూసి వాళ్ళు సమీక్ష కోరారు. సదస్సులో ఏది తేలితే అదే చట్టానికి ఆధారం. నేను రాసి ఉండకపోతే మెట్టలో ఎవరికీ మా గూడు సంగతి పట్టేది కాదు.

"బోర్డు తరఫున ధనుంజయ గారు వస్తున్నారు. ఆయన భాండారం వినకుండా ఉండరు. నీ మూడో భాగం, పుట్టుక గురించి రాసింది, తీసేయ్."

"సదస్సులో అబద్ధం చెబితే తలపైన సరిచూపు దీపం ఎర్రబడుతుంది కదండీ."

"అబద్ధం చెప్పమనడం లేదమ్మా, చెప్పొద్దంటున్నాను. నువ్వు దాఖలు చేసినదానికి విరుద్ధంగా మాట్లాడితేనే అది ఎర్రబడేది. ఊరుకుంటే తెల్లగానే ఉంటుంది."

పలక ఆపేశాక జల్లెడ దగ్గరికి వెళ్ళి, అవసరం లేకపోయినా కాసేపు డెక్క లాగాను.

నమోదు 43. ఇల్లు, బుధవారం.

అమ్మమ్మ అరుగు మీద రొయ్యలు ఒలుస్తోంది. మా అరుగు మీద కూర్చుంటే గట్టు కనిపిస్తుంది. గట్టు అవతల సముద్రం మా ఇంటి కప్పు కంటే ఎత్తులో ఉంటుంది. పంపులు తోడుతూ ఉన్నన్నాళ్ళే ఇది నేల.

సంగతంతా చెప్పాను. ఆచారం పోతే మరలు పగలంతా ఆగవని, బోర్డుకి నేనే దారి చూపించానని చెప్పాను. ఏడుపు ఆపుకుందామనుకున్నాను గానీ కుదరలేదు.

"ముక్కు చీదుకో. రొయ్యల్లో పడుద్ది" అంది.

"నువ్వు చెప్పింది అంతేనా అమ్మమ్మా? కాసేపు కూర్చోడానికి దేవతని పెట్టుకున్నారు, అంతేనా?"

ఆవిడ చేయి ఆగింది. "ఆ పలక తీసి లోపల పెట్టు."

లోపల పెట్టి వచ్చాను.

"ఇది చెప్పిన నోరు గూటి గడప తొక్కకూడదు, దీపం పెట్టేవేళ పంపుశాల గుమ్మం దాటకూడదు. అలాగని ముగ్గురం ఒట్టేసుకున్నాం. అమ్మోరయ్యాక ఆవిడ చావు ఎత్తకూడదు. ఎత్తితే మళ్ళీ చచ్చినట్టే. నీ ఒక్కదానికే చెప్తన్నాను. ఎదటోళ్ళకి చెప్పేవంటే గడప బయటే నిలబడాల. నువ్వైనా, నేనైనా."

"సరే."

"సరే అనకు. ఇని అను."

చెప్పింది. మాణిక్యం అమ్మమ్మకి తోటికోడలు. పాటలు పాడేది, అప్పులు చేసేది, ఎవర్నీ లెక్కచేసేది కాదు. ఒక ఎండాకాలం, పొద్దుటి నుంచీ కూర్చోకుండా పనిచేసి, మూడో మర పక్కన నిలబడే కునుకు తీసింది. కొంగు బెల్టులో చిక్కుకుంది. అమ్మమ్మ పరుగెత్తి చక్రం తిప్పి మర ఆపేసరికే అయిపోయింది. ఆవిడ పడిన చోట దీపం పెట్టారు. శవాన్ని ఇంకా ఎత్తకముందే కాంట్రాక్టరు వచ్చి మర తిప్పమన్నాడు. దీపం ఉండగా తిప్పం అంది అమ్మమ్మ. వాడు చక్రం మీద చేయి వేశాడు. ముగ్గురు ఆడవాళ్ళు దీపం చుట్టూ కూర్చుని అరచేతులు నేలకి ఆనించారు. వాడు చేయి తీశాడు. దీపం కొండెక్కేదాకా నిలబడే ఉన్నాడు.

"మర్నాడు మళ్ళీ పెట్టాం. ఆ మర్నాడూ పెట్టాం. దేనికీ దీపం అన్నాడు. పాత ఊరి అమ్మవారికన్నాం. అదీ సంగతి."

"మరి నాతో నవ్వుతూ ఎందుకు చెప్పావు?"

"ఏడుత్తా చెప్తే నువ్వు అక్కడితో ఆగుదువా? చదువుకున్నదానివి. ఎందుకూ ఎందుకూ అని పీక్కుతిందువు."

నేను చెప్పవచ్చా అని అడిగాను.

"నీ నోరు నీది. నా నోరు మాత్రం అడక్కు" అని మళ్ళీ రొయ్య చేతిలోకి తీసుకుంది.

నమోదు 44. మెట్టకి వెళ్ళే పడవ, గురువారం.

అమ్మ నాతో వస్తానంది. చక్రం బుల్లెమ్మత్తకి అప్పగించింది. ఎన్నేళ్ళుగానో పంపుశాల వదిలి కదలని మనిషి, ఉతికిన చీర కట్టుకుని, టిఫిన్ క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పడవ ఒక్కో తూము దగ్గరా ఆగి, నీళ్ళు నిండాక మెట్టు మెట్టుగా పైకి లేస్తుంటే, ప్రతిసారీ పడవ అంచు పట్టుకుంటోంది.

మాణిక్యం కథ అమ్మకి తెలియదు. తర్వాతి తరంవాళ్ళకి ఆవిడ అమ్మవారే. పుట్టిన దగ్గర్నుంచి నాకూ అంతే. నాకు జ్వరమొస్తే గూటి పసుపే నుదుటికి రాశారు. పరీక్షలకి ముందు ఆ గడప మీదే తల ఆనించాను.

మూడో భాగం తీసేశాను. పత్రం ఇప్పుడు నూనె గురించి, మౌనం గురించి, చేతులు నేలకి ఆనించడం గురించి. శుభ్రంగా ఉంది. చదువుతుంటే నాకే ఎవరో రాసినట్టు అనిపిస్తోంది.

"అడిగితే ఏం చెప్తావే?" అంది అమ్మ ఉన్నట్టుండి.

"ఏది అడిగితే?"

"ఏదో ఒకటి అడుగుతారుగా. బేరమన్నావుగా."

తూములో నీళ్ళు నిండుతున్నాయి.

నమోదు 45. మెట్ట, ఎత్తూరు సదస్సు భవనం, శుక్రవారం.

జరిగింది జరిగినట్టు రాయాలి.

హాలు చల్లగా ఉంది. గోడలు పొడిగా ఉన్నాయి. మా లోతట్టులో పొడి గోడ ఉండదు. అమ్మ చివరి వరసలో, కుర్చీ అంచున కూర్చుంది. నాకు ముందు ఒకాయన కొండ దేవతల పేర్ల మీద చదివాడు. ఆయన తలపైన సరిచూపు దీపం మొదటి నుంచి చివరిదాకా తెల్లగానే వెలిగింది.

నా పేరు పిలిచారు. చదివాను. దీపం తెల్లగా ఉంది. చివరి వాక్యం అయ్యాక కొందరు చప్పట్లు కొట్టారు. హైమవతి గారు తల ఊపారు.

ధనుంజయ గారు లేచారు. కోపిష్టి మనిషి అనుకున్నాను. కాదు. బక్కపలచగా, నెమ్మదిగా ఉన్నారు.

"బాగా రాశారమ్మా. నేనూ లోతట్టువాణ్ణే. కింది పేటలో పుట్టాను. మీ మరలు ఆగినప్పుడల్లా అక్కడ బడి మెట్టు మునుగుతుంది. పిల్లలు బల్లల మీద కాళ్ళు పెట్టుకుని కూర్చుంటారు. అందుకని అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. ఈ అమ్మవారు ఎక్కడి నుంచి వచ్చారు?"

"పంపుశాలలోనే."

"మునకకి ముందా, తర్వాతా?"

హైమవతి గారు నా వైపే చూస్తున్నారు. ఊరుకోవచ్చు. తెలియదంటే మాత్రం ఎర్రబడుతుంది.

"తర్వాత" అన్నాను. దీపం తెల్లగా ఉంది. హాల్లో కుర్చీలు కదిలాయి.

"విశ్రాంతి కోసం మేమే పెట్టుకున్నామని మీ అమ్మమ్మ గారు భాండారంలో చెప్పారు. అది నిజమేనా?"

"నిజమే."

తెలుపు.

"అంటే ఇది ఆరాధన కాదు. ఉపాయం. తప్పు పట్టడం లేదు, ఆ రోజుల్లో అవసరమే అయి ఉంటుంది. కానీ ఉపాయానికి చట్టం వర్తించదు కదా?"

ఇక్కడ ఊరుకుంటే నాకేమీ పోదు. సోమవారం వెళ్ళి గూటి గడప మీద తల ఆనించగలను. మరలు మాత్రం ఆగవు. చివరి వరసలో అమ్మ రెండు చేతులూ క్యారియర్ మీద పెట్టుకుని, నా మాట ఒక్కటీ జారిపోకూడదన్నట్టు చూస్తోంది.

"ఉపాయమే అయితే అమ్మవారికి ఏ పేరైనా పెట్టుకునేవారండీ" అన్నాను. "మాణిక్యం మా అమ్మమ్మకి తోటికోడలు. మూడో మరలో చిక్కుకుని చనిపోయింది."

దీపం ఎర్రబడింది.

అది ఎర్రబడడం ఎప్పుడూ చూడలేదు నేను. నా చేతుల మీద, కాగితాల మీద, మేజా మీద ఎర్రటి వెలుగు పడింది. హాల్లో గుసగుసలు లేచాయి. అధ్యక్షుడు మైకు దగ్గరికి వంగారు.

"అమ్మాయీ, మీరు దాఖలు చేసిన రికార్డుకి ఇది విరుద్ధంగా ఉంది. దీపం ఎర్రగా ఉండగా చెప్పింది నమోదు కాదు. తెలుసు కదా?"

"తెలుసండీ."

"వేరే ఆధారం ఉందా?"

"మా అమ్మమ్మ ఉంది."

"ఆవిడ మాట భాండారంలో ఇప్పటికే ఉంది. మీరు చెప్పేది అందులో లేదు."

"అవునండీ. ఆవిడ చెప్పదు. చెబితే గూటి గడప తొక్కకూడదు. ఇప్పుడు నేనూ తొక్కకూడదు."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. నేను ఆగలేదు. నిలబడి నిద్రపోయిన సంగతి చెప్పాను, కొంగు సంగతి, కాంట్రాక్టరు చక్రం మీద చేయి వేసిన సంగతి చెప్పాను. అకాలంగా పోయిన ఆడవాళ్ళని పేరంటాలుగా నిలుపుకోవడం మా వైపు ఎప్పటి నుంచో ఉన్నదేనని, చట్టం జాబితాలోని అమ్మవార్లలో కొందరికైనా మొదటి దీపం పెట్టినవాళ్ళు వాళ్ళ తోటికోడళ్ళో, చెల్లెళ్ళో అయి ఉంటారని, తేదీ అడిగే చట్టం ఆ సంగతి ఎవరినీ అడగలేదని అన్నాను. చివరిదాకా దీపం ఎర్రగానే ఉంది. నేను చెప్పిన వాటిలో ఒక్క మాటా ఎక్కడా నమోదు కాలేదు.

అధ్యక్షుడు మధ్యాహ్నం అయిందని, తీర్పు పలకలకి పంపుతామని చెప్పి లేచారు. హాలు ఖాళీ అవుతోంది. అప్పుడు చూశాను. అమ్మ కుర్చీ వదిలి, రెండు వరసల మధ్య నేల మీద కూర్చుని ఉంది. అరచేతులు నేలకి ఆనించి, కళ్ళు మూసుకుంది. పెద్దలు ఆవిడని తప్పుకుంటూ నడుస్తున్నారు. ఆ వేళకి పంపుశాలలో దీపం వెలిగించి ఉంటారు.

పక్కన కూర్చోబోయి ఆగాను. కూర్చోవచ్చో లేదో తెలియలేదు. నిలబడే ఉన్నాను.

కాసేపటికి అమ్మ కళ్ళు తెరిచింది. "ఆ ఎర్రదీపం ఏంటే?"

"అబద్ధం చెబితే అలా వెలుగుతుందమ్మా."

అమ్మ లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఆ దీపం వైపు చూసింది. "మాయమ్మ దేన్నైనా నవ్వి చెప్పిందంటే సగం మింగినట్టే. దానికేం తెలుసు" అంది.

బయట హైమవతి గారు పులిహోర పొట్లం చేతిలో పెట్టారు. "నేను చెప్పినట్టు..." అంటూనే నా భుజం మీద చేయి వేసి, పొట్లం తినమన్నారు.

నమోదు 46. పదమూడో పంపుశాల, ఆదివారం.

తీర్పు వచ్చింది. నోటీసు చదివేది నేనే కాబట్టి, అందరి ముందూ నేనే నిలబడి చదవాల్సి వచ్చింది.

"పదమూడో పంపుశాలలోని ఆచారం మునక తర్వాత, పనిలో విరామం కోసం ఏర్పడినదిగా పరిశోధకురాలి దాఖలా వల్ల రుజువైనందున, రేపటి నుంచి మరలు ఆపరాదు." మరలు తిరుగుతున్నాయి, అందుకని అరిచి చదివాను.

కింద సంతకాలు. 'పరిశోధకురాలు' అంటే ఎవరని ఎవరూ అడగలేదు.

"బేరం బాగానే కుదిరింది" అంది బుల్లెమ్మత్త. "మమ్మల్ని అమ్మేసొచ్చేవు."

"అత్తా..."

"అత్తా గిత్తా అనకు. మా డబ్బాల్లో బియ్యం తీసి నీకు పొట్లాలు కట్టి పంపేం బడికి. చదువుకుని మాకో మాట సాయం చేత్తావని. చేసేవుగా."

అమ్మ నా పక్కనే ఉంది. నన్ను వెనకేసుకురాలేదు. బుల్లెమ్మత్త మాటనీ ఖండించలేదు. "రేపు చక్రం నా చేతిలోనే ఉంటది" అని మాత్రం అంది. ఆ మాటకి అర్థం ఏమిటో ఎవరికీ తెలియలేదు. ఆవిడకీ తెలుసో లేదో.

నేను గూటి వైపు వెళ్ళలేదు. ఎవరూ వెళ్ళొద్దనలేదు. జల్లెడ దగ్గరే ఉండిపోయాను.

నమోదు 47. అదే చోటు, సోమవారం.

ధనుంజయ గారు స్వయంగా వచ్చారు. మరలు ఆగకుండా చూడాలని బోర్డు పంపిందట. మెడలో పలక, దాని కన్ను తెరిచి ఉంది. పరిశీలనకి వచ్చినప్పుడు ఆ పలక చూసిందీ విన్నదీ నేరుగా భాండారానికి చేరుతుంది. ఆయన ముందు నన్ను పలకరించారు. "మొన్న మీరు మాట్లాడినంతసేపూ దీపం చూడలేదమ్మా నేను. మిమ్మల్నే చూశాను. కానీ నాకు భాండారంలో రాత ఉండాలి." అబద్ధం చెబుతున్నట్టు లేదు.

ఎండ నడినెత్తికి వస్తోంది. లోపల వేడికి ఇనుము వాసన. ఆడవాళ్ళు ఎవరి మర దగ్గర వాళ్ళు నిలబడ్డారు. ఎవరూ ఎవరి మొహమూ చూడడం లేదు. అమ్మ చక్రం పక్కన ఉంది. దీపం పెట్టే వేళ కాబట్టి నేను గుమ్మం బయటే ఉన్నాను.

కర్ర చప్పుడు వినబడింది. అమ్మమ్మ. మోకాళ్ళు పట్టేశాక పంపుశాల దాకా నడిచి రావడం మానేసిన మనిషి. చెమటకి జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది.

"నువ్వెందుకొచ్చేవే?" అంటూ పరుగెత్తాను.

నన్ను కర్రతో పక్కకి తప్పించి, గుమ్మం ఇవతలే ఆగింది. "బోర్డు బాబెవరు?"

ధనుంజయ గారు బయటికి వచ్చారు. "నేనేనండి."

"నీ మెళ్ళో ఉన్నది మాటలు పట్టుద్దా నాయనా?"

"పడుతుందండి."

"అది ఎక్కడికెళ్ళుద్దో మా మనవరాలి మాటలు కూడా అక్కడికే ఎళ్ళేయా?"

"మీ మాటలేనండి అవి. అక్కడికే."

"అయితే ఇంకోటి పట్టించు." గుమ్మం లోపలికి ఒక్కసారి తొంగి చూసింది, మూడో మర వైపు, పసుపు రాయి వైపు. చాలాసేపు చూసింది. "అమ్మమ్మా, వద్దు" అన్నాను. నాకు తెలుసు ఆవిడ ఏం చేయబోతోందో. రోజూ ఇంట్లో కూర్చునే ఆ గూటి వైపు తిరిగి దండం పెట్టుకునే మనిషి.

"మా తోటికోడలు మాణిక్యం" అంది గట్టిగా, మరల హోరు దాటి లోపలికి కూడా వినబడేలా. "ఈ మరలోనే చచ్చిపోయింది. నా చేతుల్లో. నిద్దరకి ఆగలేక. దీపం మేమే పెట్టేం. మర తిప్పొద్దన్నాం. కాసేపు కూచోడానికి పెట్టుకున్నామన్నది నిజవే. అదెందుకు చచ్చిందనుకున్నావు? కూచోడానికి లేకే."

లోపల బుల్లెమ్మత్త చేతిలోని కొంకి కర్ర కింద పడింది. ఆ చప్పుడు మరల హోరులోనూ వినబడింది.

"భాండారంలో ఇప్పుడు రెండు మాటలయ్యాయండి" అన్నారు ధనుంజయ గారు మెల్లగా.

"రెండూ నాయే. తేల్చుకోండి."

ఆయన చేయి పలక మీదికి వెళ్ళింది. ఆపేస్తారనుకున్నాను. ఆపలేదు. కన్ను తెరిచే ఉంచి, తల పక్కకి తిప్పుకున్నారు. "సమీక్ష మళ్ళీ పెట్టాల్సి వస్తుంది. అప్పటిదాకా ఆదేశం ఆదేశమేనండి. మరలు ఆపకూడదు. ఆపితే నేను రాయాలి."

"రాసుకో నాయనా. నీ పని నువ్వు చెయ్యి."

లోపల అమ్మ చక్రం పట్టుకుంది. ఇన్నేళ్ళూ అనుమతి ఉండగా తిప్పిన చక్రం. తిరగడానికి మొరాయించింది. బుల్లెమ్మత్త వెళ్ళి రెండో పక్క పట్టుకుంది. ఇద్దరూ కలిసి తిప్పారు.

మరలు ఒకదాని వెంట ఒకటి ఆగాయి.

నూనె పోస్తున్న చప్పుడు, కొంచెం ఎక్కువే పోశారు. అగ్గిపుల్ల గీసిన చప్పుడు. బట్టలు సర్దుకుని నేల మీద కూర్చుంటున్న చప్పుడు. తర్వాత ఏమీ లేదు. కాలవలో నీళ్ళు వెనక్కి తిరిగి ఒడ్డుని నాకుతున్నాయి. కింది పేట బడి మెట్టు మునుగుతూ ఉంటుంది. ధనుంజయ గారు ఆ నీళ్ళనే చూస్తూ నిలబడ్డారు. ఆయన రాయడం మొదలుపెట్టలేదు.

అమ్మమ్మ గుమ్మం దాటలేదు. గోడ వెంబడి కర్ర ఊనుకుంటూ నడిచి, మూడో మర ఎక్కడ ఉంటుందో సరిగ్గా దాని వెనక భాగానికి వచ్చి, నెమ్మదిగా నేల మీద కూర్చుంది. అరచేయి గోడకి ఆనించింది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఇటు వైపు నుంచి దీపం కనిపించదు. అది కొండెక్కిందో లేదో తెలుసుకోవడానికి మాకు మర మళ్ళీ కదలడం ఒక్కటే గుర్తు.

నేనూ చేయి పెట్టాను. గోడ ఇంకా వేడిగా ఉంది. ఆగిన మర తాలూకు వణుకు దాని లోపల మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చి, ఆగిపోయింది.